రెటీనాకు నొప్పి తెలియదు

రెటీనా ఆపరేషనై నెల దాటినా కంట్లో నలక తిరుగుతున్నట్టే ఉందా? ఓపిక పట్టాల్సిన గరగర ఏది, ఆ పూటే బయల్దేరాల్సిన గరగర ఏది?

సాయంత్రం ఏడు దాటాక హైదరాబాద్ ప్రగతి నగర్ మెయిన్‌రోడ్డు మీద ఏ మెడికల్ షాపు దగ్గరైనా కాసేపు నిలబడండి. మెడలో ఆఫీసు ట్యాగు ఇంకా తీయని కుర్రాడొకడు బండి ఆపుతాడు. హెల్మెట్ కూడా తీయకుండా, "అన్నా, కన్ను గరగరలాడుతోంది, మంచి డ్రాప్స్ ఏమన్నా ఉంటే ఇవ్వు" అంటాడు. కౌంటరు వెనకున్నాయన ఎప్పట్నుంచని అడగడు, ఎందుకని అడగడు. అర నిమిషంలో చిన్న అట్టపెట్టె చేతిలో పడుతుంది. ఇక్కడ "మంచి డ్రాప్స్" అంటే వేసిన పూటకే ఎరుపు లాగేసేవని అర్థం. అలా లాగేసే సీసాల్లో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది.

ఆ కుర్రాడికి ఏమీ కాదు, చాలావరకు. బాచుపల్లి వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్ల దుమ్ము, రోజంతా ఏసీలో ల్యాప్‌టాప్, తిరుగు ప్రయాణంలో జేఎన్‌టీయూ దగ్గర ట్రాఫిక్ పొగ. రెండు రాత్రులు బాగా నిద్రపోతే ఆ కన్ను దానంతటదే సర్దుకుంటుంది. కానీ అదే మాట అడిగినవాడికి నెల కిందట రెటీనా ఆపరేషన్ జరిగి ఉంటే? లేదా ఆ డ్రాప్స్ ఇంట్లో ఉన్న అమ్మ కోసమైతే?

అది అరుదైన సంగతేమీ కాదు. ప్రగతి నగర్, నిజాంపేట, బాచుపల్లి కాలనీల్లో ఒకే ఫ్లాటులో రెండు తరాలు కాపురం ఉంటాయి. హైటెక్ సిటీకో గచ్చిబౌలికో ఉద్యోగానికి వెళ్లే కొడుకూ కోడలూ. మనవల్ని చూసుకోవడానికి ఖమ్మం నుంచో గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి ఉండిపోయిన అమ్మానాన్నలు. రెటీనా ఆపరేషన్ ఈ రెండు తరాలకీ వస్తుంది, వేర్వేరు దారుల్లో. కుర్రవాళ్లకు మైనస్ ఆరు, మైనస్ ఎనిమిది పవర్లు. అంత పవరున్న కన్ను మామూలు కంటికన్నా పొడవుగా సాగి ఉంటుంది, లోపలి పొర పలచబడుతుంది, ఎక్కడో చిరుగు పడుతుంది. పెద్దవాళ్లకు పాతికేళ్ల షుగరు, లేదా ఎప్పుడో చేయించుకున్న శుక్లం ఆపరేషన్, లేదా వట్టి వయసు. ల్యాప్‌టాప్ చూసినందుకు రెటీనా ఊడిపోదు. ఆ నింద మాత్రం కంపెనీల మీద వేయనక్కర్లేదు. కన్ను ఎండిపోవడంలో దాని వాటా ఉంది, ఆ సంగతి తర్వాత.

ఆపరేషన్ బాగా జరిగింది, పొర అతుక్కుంది అని డాక్టరు చెప్పి పంపుతారు. ఇంటికొచ్చాక మొదలవుతుంది అసలు అయోమయం. కంట్లో ఇసుక పోసినట్టుంటుంది, నీరు కారుతుంది, పొద్దున్నే రెప్పలు అంటుకుపోతాయి. వారానికి తగ్గుతుందన్నారు, మూడు వారాలైనా తగ్గలేదు. ఇది మామూలేనా? ఇంటిల్లిపాదీ ఆ గరగర చుట్టూనే తిరుగుతారు. నా ఫిర్యాదు అక్కడే. మొదట చూసుకోవలసింది గరగరను కాదు, చూపును.

గరగర ఎక్కడిది?

రెటీనా కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పలచని పొర. వెలుతురును పట్టుకోవడమే దాని పని. నొప్పిని మోసే నరాలు దానికి లేవు. చిరిగినా, ఊడినా, కింద నీరు చేరినా అది కిక్కురుమనదు. నొప్పి, మంట, దురద చెప్పేది కంటి ముందు భాగం, ముఖ్యంగా కార్నియా. ఒంట్లో అంత సున్నితమైన చోటు మరొకటి లేదు. అంటే ఆపరేషన్ వెనక పొరకు జరిగినా, బాధ పడేది ముందు వాకిలి. సర్జన్ లోపలికి వెళ్లిన దారి అదే కదా.

ఆ దారి ఒకప్పుడు ఇంత సన్నగా లేదు. కంటి లోపల జెల్లీలా ఉండే విట్రియస్‌ను తీసి రెటీనాను బాగుచేయవచ్చని 1970లో మయామీలో రాబర్ట్ మాకెమర్ చేసి చూపించేదాకా, ఆ జెల్లీని ముట్టుకోవడమే తప్పన్నది వైద్యుల నమ్మకం. మనిషి కంటి దాకా పోకముందు ఆయన తన పరికరాన్ని కోడిగుడ్డు తెల్లసొన మీద ప్రయోగించి చూశారు. ఆ పరికరం మందం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు. 2002 నాటికి అర మిల్లీమీటరు పరికరాలు వచ్చాయి. ఇప్పుడు నల్లగుడ్డు అంచుకు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో మూడు చిన్న రంధ్రాలు పెడతారు, చాలాసార్లు కుట్టు కూడా వేయరు. అందుకే మీ పక్కింటాయనకు వారంలో తగ్గిన గరగర మీకు నెలైనా తగ్గకపోవచ్చు. ఆయనకు కుట్టు పడలేదు, మీకు పడింది. లేదా ఆయనకు విట్రెక్టమీ, అంటే ఈ జెల్లీ తీసే ఆపరేషన్, మీకు కంటి చుట్టూ బయటి నుంచి పట్టీ కుట్టే బకుల్.

కుట్టు వేస్తే, అది కరిగిపోయే దారం. పూర్తిగా కరగడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. దాని ముడి కొస రెప్ప లోపలి వైపు గీసుకుంటుంటే కన్నార్పినప్పుడల్లా గుచ్చుకుంటుంది. ఒకేచోట, ఒకేలా గుచ్చుకోవడం దాని గుర్తు. నెలా నెలన్నర దాటాక కూడా అలా ఉంటే డాక్టరు మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి ఆ కొసను తీసేస్తారు. నిమిషం పని. ఇంత చిన్నదానికి వెళ్లడమేమిటని నెలల తరబడి ఓర్చుకునేవాళ్లున్నారు.

ఆపరేషన్‌కు ముందు కంట్లో పొవిడోన్ అయోడిన్ వేస్తారు. ఇన్ఫెక్షన్ రాకుండా కాపాడేది అదే, కానీ కంటి పైపొరకు అదంటే పడదు. గంట సేపు రెప్పల్ని క్లిప్పుతో తెరిచిపెట్టి ఉంచడం మరొకటి. మధ్యలో కార్నియా మసకబారితే, లోపల కనబడ్డానికి సర్జన్ పైపొరను గీకేయాల్సి వస్తుంది. మామూలుగా నాలుగైదు రోజుల్లో ఆ పొర తిరిగి వచ్చేస్తుంది. షుగరున్న వాళ్లకు ఆలస్యం. ఆ తర్వాత చుక్కలు: యాంటీబయాటిక్, స్టిరాయిడ్, పాపను విప్పి ఉంచేది, కంటి ప్రెషరు పెరిగితే దానికి మరొకటి. చాలా సీసాల్లో మందు చెడకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ రోజుకు పది పన్నెండు సార్లు పడితే కన్ను ఎండిపోయి మండుతుంది. ప్రెషరు మందుల్లో కొన్ని, బ్రిమోనిడిన్ లాంటివి, కొందరికి నెలల తర్వాత అలర్జీ తెస్తాయి. దురద, రెప్పల చుట్టూ ఎర్రటి మందపాటి చర్మం దాని ఆనవాళ్లు. తగ్గించే మందే కారణమని ఎవరికీ తోచదు, ఇంకో చుక్క ఎక్కువ వేస్తారు!

దీని మీద ఆఫీసు. 1993లో జపాన్ వైద్యులు సుబోటా, నకమోరి లెక్కపెట్టి చెప్పారు: ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 22 సార్లు కన్నార్పే మనిషి, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, కంప్యూటరు తెర ముందు 7 సార్లే ఆర్పుతాడు. అప్పటికి సైబర్ టవర్స్ కూడా కట్టలేదు. ఆపరేషనైన కన్ను ఏసీ గాలికి ఎదురుగా కూర్చుని రోజంతా కోడు చూస్తే గరగర తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు రాయమని డాక్టర్నే అడగవచ్చు, ఇవ్వడానికి వాళ్లకు అభ్యంతరం ఉండదు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఓపిక పట్టాల్సిన గరగరలు. వీటికి ఒక పోలిక ఉంది. నిన్నటికన్నా ఇవాళ కొంచెం నయం, కిందటి వారం కన్నా ఈ వారం నయం. మధ్యలో ఒక పూట ఎక్కువైనా మొత్తమ్మీద దారి కిందికే.

క్యాలెండరు పరీక్ష

మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు పెద్దావిడకు రెటీనా ఆపరేషనైంది. చూడ్డానికి వెళ్తే ఫ్రిజ్ తలుపు అరలో, నిమ్మకాయల పక్కన, నాలుగు చుక్కల సీసాలు. తలుపు మీద అయస్కాంతంతో అంటించిన కాగితం, దానిలో కోడలు గీసిన గళ్లు, ప్రతి గడిలో టిక్కు. ఇంత పద్ధతిగా వేసే ఇల్లు తక్కువ.

"ఎలా ఉంది పిన్నిగారూ?"

"ఏం చెప్పను నాయనా, ఇసుక పోసినట్టే ఉంది. కంటి మీద నందివర్ధనం పూలు పెట్టుకుందామంటే కోడలు ఒప్పుకోదు."

"మంచి పని చేసింది. చూపెలా ఉంది?"

"చూపా? రెండు కళ్లూ తెరిస్తే బానే కనిపిస్తోంది."

అక్కడే ఉంది తిరకాసు. రెండు కళ్లూ తెరిస్తే ఎవరికైనా బానే కనిపిస్తుంది, బాగున్న కన్ను రెండో దాని లోటు కప్పేస్తుంది. గోడకు తెలుగు క్యాలెండరు ఉంది. బాగున్న కంటిని చేత్తో మూసుకోమన్నాను. కన్ను నొక్కకుండా, అరచేతిని గిన్నెలా వంచి. పెద్ద అంకె కనిపిస్తోంది, కింద తిథి అక్షరాలు మసక. సరే, రేపు ఇదే చోట నిలబడి, ఇదే వెలుతురులో, ఇదే పేజీ చూడండి అన్నాను. తిథి కనిపించకపోతే పర్లేదు. ఇవాళ కనిపించిన అంకె రేపు కనిపించకపోతే మాత్రం పర్లేదు కాదు.

ఈ పరీక్షకు ఖర్చు లేదు, చదువు అక్కర్లేదు. ప్రతి పొద్దున మొదటి కాఫీకి ముందో తర్వాతో ఒక చూపు చాలు. చూడాల్సింది స్పష్టత ఒక్కటే కాదు. ఏ పక్క నుంచైనా నీడ, తెర, పరదా లాంటిది వచ్చిందా? నిన్న లేని నల్లటి చుక్కలు గుంపుగా రాలుతున్నాయా? చీకట్లో మెరుపులు తళుక్కుమంటున్నాయా? ఆపరేషన్ చేసిన రెటీనా మళ్లీ ఊడేది చాలాసార్లు మొదటి రెండు మూడు నెలల్లోనే, పైన మచ్చలాంటి పొర పెరిగి దాన్ని లాగేయడం వల్ల. అది జరిగేటప్పుడు ఒక్క చుక్క నొప్పి ఉండదు, గరగర ఉండదు. అసలు ఆ వారమే కన్ను హాయిగా ఉందని సంబరపడుతూ ఉండవచ్చు.

రెటీనాను అదిమి ఉంచడానికి కంట్లో గ్యాసు పెట్టినవాళ్లకు ఒక తికమక. మొదట్లో చెయ్యి కదలిక తప్ప ఏమీ కనపడదు, అది మామూలే. గ్యాసు కరిగే కొద్దీ పైనుంచి చూపు తెరుచుకుంటుంది, ఒక అడ్డగీత రోజురోజుకీ కిందికి దిగుతుంది, చివరికి చిన్న బుడగై అడుగున ఊగిసలాడి మాయమవుతుంది. ఎస్ఎఫ్6 రకం గ్యాసైతే రెండు వారాల చిల్లర, సీ3ఎఫ్8 అయితే సుమారు రెండు నెలలు. తల ఊపితే ఆ గీత కూడా ఊగుతుంది. రెటీనా ఊడిన నీడ అలా ఊగదు, దిగదు. ఒక పక్కన పాతుకుని పెరుగుతుంది.

ఆ పూటే బయల్దేరాల్సినవి

ఇన్ఫెక్షన్ మొదటిది. కంటి లోపలికి క్రిమి చేరితే, ఎక్కువగా మొదటి వారంలోనే బయటపడుతుంది. విట్రెక్టమీ తర్వాత ఇది చాలా అరుదు. వస్తే గంటల లెక్క. హైదరాబాద్ దీన్ని చూడకపోలేదు. 2016 జూన్ చివర మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న కొందరికి కళ్లలో ఇన్ఫెక్షన్ సోకింది. ఆపరేషన్‌లో వాడిన సెలైన్ ద్రవంలోనే బ్యాక్టీరియా ఉందని తేలింది, కొందరి చూపు పోయింది. రోగి తప్పు ఏమీ లేని చోట కూడా ఇలా జరగవచ్చు. రోగి చేతిలో ఉన్నదల్లా తొందరగా గుర్తుపట్టి వెళ్లడమే.

గుర్తుపట్టడం ఎలా? నొప్పి వస్తే తెలుస్తుంది కదా అనుకుంటాం. 1995లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, శుక్లం ఆపరేషన్ తర్వాత ఇలా ఇన్ఫెక్షన్ వచ్చిన 420 మందిని చూసింది. చూపు మసకబారింది 94 శాతానికి. ఎరుపు 82 శాతానికి. నొప్పి ఉన్నది 74 శాతానికే. అంటే ప్రతి నలుగురిలో ఒకరికి నొప్పే లేదు. షుగరు వల్ల కార్నియా మొద్దుబారిన వాళ్లు నొప్పిని నమ్ముకోవడం మరీ ప్రమాదం. కార్నియా మీద పుండు పడినా వాళ్లకు నలక పడినంతే ఉంటుంది. పాత షుగరు రోగి "నొప్పేమీ లేదు" అంటే ఇంట్లోవాళ్లు ఊరట పడకూడదు.

రెండోది ప్రెషరు. గ్యాసు, దాని బదులు కొందరికి నింపే సిలికాన్ నూనె, స్టిరాయిడ్ చుక్కలు, మూడూ కంటి లోపలి ఒత్తిడిని పెంచగలవు. కనుబొమ్మ పైన లోతుగా సలుపు, ఆ పక్క తలనొప్పి, దీపం చుట్టూ రంగుల వలయాలు, వాంతులు. ఈ వాంతుల దగ్గర మనవాళ్లు పప్పులో కాలేస్తారు. పైత్యం అంటారు, రాత్రి తిన్నది పడలేదంటారు, గ్యాస్ మాత్ర వేసి పడుకోబెడతారు. తెల్లారేసరికి కంటి నరం దెబ్బతినవచ్చు. ఆపరేషనైన కన్ను నొస్తూ వాంతి అయితే ఆ వాంతి కడుపుది కాదు, కంటిదనే అనుకోవాలి, కాదని డాక్టరు చెప్పేవరకు.

మూడోది వెనక్కి తిరిగిన గరగర. తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒక రోజు మళ్లీ ఎగబాకితే, ఎరుపు పెరిగితే, వెలుతురు చూడలేకపోతే, పుసులు పసుపుపచ్చగా చిక్కబడితే, అది పాత గరగర కాదు, కొత్తది. దానికి కొత్త పరీక్ష కావాలి. ఇంకా, ఆపరేషన్ జరగని రెండో కన్ను ఎర్రబడి వెలుతురుకు తట్టుకోలేకపోతే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఒక కంటికి గాయమో ఆపరేషనో అయిన తర్వాత ఒంటి రక్షణ వ్యవస్థ రెండో కంటి మీద కూడా దాడి చేసే జబ్బు ఒకటుంది. చాలా చాలా అరుదు. ఎక్కువగా మొదటి మూడు నెలల్లో వస్తుంది, ఏళ్ల తర్వాత వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ లక్షణాలన్నీ తెలిసిన వాళ్లను కూడా ఇంట్లోనే ఆపేసే మాట ఒకటుంది: "ఎలాగూ సోమవారం రివ్యూ ఉంది కదా." రివ్యూ తేదీ అన్నీ సవ్యంగా ఉన్నవాళ్లకు. అది డాక్టరు తన వీలును బట్టి, ఏమీ జరగదన్న లెక్కతో వేసింది. శుక్రవారం రాత్రి నీడ కనిపిస్తే సోమవారానికి అది చూపు నడిమధ్యకు, రెటీనాలో సూటి చూపు ఉండే మాక్యులాకు, చేరి ఉండవచ్చు. అక్కడికి చేరకముందు అతికిస్తే దక్కే చూపు వేరు, చేరాక అతికిస్తే దక్కేది వేరు.

ఏళ్ల తర్వాత కూడా

గరగర గురించి మరో ఆరు నెలల తర్వాత, ఆరేళ్ల తర్వాత కూడా మాట్లాడుకోవాల్సిన వాళ్లున్నారు. బకుల్ పెట్టించుకున్నవాళ్లు. కంటి చుట్టూ బయటి నుంచి సిలికాన్ ముక్కనో పట్టీనో కుట్టి గోడను లోపలికి నొక్కే పద్ధతి అది. 1949లో జర్మనీలో కుస్టోడిస్ ఇలా బయటినుంచి నొక్కే విధానం మొదలుపెట్టారు. బోస్టన్‌లో చార్లెస్ షెపెన్స్ దాన్ని పెంచి పోషించారు. ఆ షెపెన్స్ దగ్గర శిక్షణ పొందిన బద్రీనాథ్ 1978లో మద్రాసులో శంకర నేత్రాలయ పెట్టారు. నెల్లూరు, తిరుపతి, కడప నుంచి కంటి లోపలి జబ్బంటే రైలెక్కి మద్రాసు పోయిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. 1987లో సినీ నిర్మాత ఎల్.వి.ప్రసాద్ పేరుతో, గుళ్లపల్లి నాగేశ్వరరావు సారథ్యంలో బంజారాహిల్స్‌లో కంటి ఆసుపత్రి వచ్చాక ఆ రైళ్ల అవసరం కొంత తగ్గింది.

ఆ తరంలో బకుల్ వేయించుకున్న తాతయ్యకు ఇవాళ కన్ను మూల ఎర్రగా ఉండి, పుసులు ఆగకుండా వస్తూ, ఏ చుక్కలకూ లొంగకపోతే, పట్టీ పైకి తేలి బయటపడుతోందేమో చూడాలి. ఇన్ఫెక్షన్ సోకిన పట్టీ తీసేయాల్సి రావచ్చు. కళ్ల కలక అనుకుని కాలనీ క్లినిక్కులో మూడుసార్లు చుక్కలు మార్చినా అది తగ్గదు. వాళ్లకు ఆయన కంటి చుట్టూ సిలికాన్ ఉందన్న సంగతి ఎవరూ చెప్పరు, తాతయ్యతో సహా. ఆయన మరిచిపోయి ఉంటాడు.

సిలికాన్ నూనె కథ వేరు. 1962లో పాల్ సిబిస్ మొదలుపెట్టిన ఈ నూనెను సాధారణంగా కొన్ని నెలల్లో తీసేస్తారు, కొందరికి ఉంచేస్తారు. తీయించుకోవాల్సినవాళ్లు "కనిపిస్తోంది కదా, మళ్లీ ఆపరేషన్ ఎందుకు" అని వాయిదా వేస్తుంటారు. నూనె కాలక్రమేణా సన్న బిందువులుగా విడిపోతుంది, ప్రెషరు పెంచుతుంది, ముందుకొచ్చి కార్నియాకు తగిలితే దాని మీద తెల్లటి సున్నపు పట్టీ కడుతుంది. అప్పుడు వచ్చే గరగరకు కన్నీటి చుక్కలు ఎన్ని వేసినా ఉపశమనం తాత్కాలికమే.

షాపు సీసా, అమెరికా టికెట్

2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో కళ్ల కలక ఊరూరా తిరిగినప్పుడు యాంటీబయాటిక్, స్టిరాయిడ్ కలిపిన చుక్కల సీసాలు ఇంటింటికీ చేరాయి. సగం వాడి అటక మీద పెట్టినవి, మూత విప్పి నెల దాటినవి, పక్కింటివాళ్లు ఇచ్చినవి. ఆపరేషనైన కంట్లో వాటిని వేయకూడదు. డాక్టరు కూడా స్టిరాయిడే రాశారు కదా అంటారు. రాశారు, వారానికింత చొప్పున తగ్గిస్తూ, మధ్యలో ప్రెషరు చూస్తూ. కొన్ని వారాలు ఆపకుండా వేస్తే కొందరికి ప్రెషరు గుట్టుచప్పుడు కాకుండా పెరుగుతుంది. పొలంలో వరి ఆకు తగిలి మొదలయ్యే ఫంగస్ పుండుకైతే స్టిరాయిడ్ ఎరువు వేసినట్టే. దీనికి తిరగేసి ఇంకో పొరపాటు: గరగర తగ్గిందని రాసిన స్టిరాయిడ్‌ను మధ్యలో మానేయడం. తెల్లగా పాలలా ఉండే ప్రెడ్నిసొలోన్ సీసాను బాగా ఊపి వేయాలి. ఊపకపోతే మందంతా అడుగునే ఉండి పైనుంచి నీళ్లే పడతాయి. రెండు మందుల మధ్య అయిదు నిమిషాలైనా ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. నందివర్ధనం పూలు, తేనె, ఆముదం, పన్నీరు ఏవీ వద్దు. చలవ సంగతి ఏమో గానీ ఆ పూలు పెరట్లోంచి వచ్చినవి, వాటి మీద ఏముందో చెప్పలేం.

ఇక టికెట్లు. ఈ కాలనీల్లో ప్రతి రెండో ఇంట్లో డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లాల్సిన అమ్మానాన్న ఉంటారు. కోడలి కాన్పు తేదీ వాయిదా పడదు, టికెట్ డబ్బులు తిరిగి రావు. కంట్లో గ్యాసు బుడగ ఉండగా విమానం ఎక్కితే, పైన గాలి ఒత్తిడి తగ్గి బుడగ ఉబ్బుతుంది. విమానం లోపలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. కంటికి రక్తం అందించే నాళం నొక్కుకుపోయి చూపు శాశ్వతంగా పోవచ్చు. బుడగ పూర్తిగా పోయిందని డాక్టరు చూసి చెప్పాకే విమానం. ఊటీ కూడా ఆగాల్సిందే, అది రెండు వేల రెండొందల మీటర్ల ఎత్తు. తిరుమల అంత ఎత్తు కాదు గానీ ఘాట్ రోడ్డు మీద అరగంటలో ఏడొందల మీటర్లు ఎక్కుతాం, కాబట్టి అడిగి వెళ్లండి. తలనీలాల మొక్కు ఉంటే దాన్ని కూడా వాయిదా వేయండి, తల మీద పోసుకున్న నీళ్లు మానుతున్న కంట్లోకి చేరకూడదు. పన్ను పీకించుకోవాలన్నా, వేరే ఆపరేషన్ ఏదైనా వచ్చినా, కంట్లో గ్యాసుందని మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. నైట్రస్ ఆక్సైడ్ కూడా బుడగను ఉబ్బిస్తుంది.

ఉద్యోగాలు చేసే పిల్లలకు డబ్బు మాట ఒకటి. కంపెనీ ఇన్సూరెన్సు ఆపరేషన్ వరకేనని అనుకోకండి. డిశ్చార్జి తర్వాత కొన్ని రోజుల ఖర్చులు, చాలా పాలసీల్లో 30 నుంచి 60 రోజులవి, తిరిగి అడగవచ్చు. చుక్కల సీసాల బిల్లులు, మధ్యలో అదనంగా వెళ్లి చూపించుకున్న బిల్లులు పారేయొద్దు. డబ్బు దండగని వెళ్లకుండా ఆగిపోయే అమ్మకు ఈ మాట చెబితే కొంత పని చేస్తుంది.

రాత్రిపూట అనుమానం వస్తే ఎక్కడికి? ఆపరేషన్ చేసిన చోటికే మొదట. డిశ్చార్జి కాగితం మీద ఎమర్జెన్సీ నంబరు ఉందో లేదో ఇంటికొచ్చే ముందే చూసుకుని ఫోన్లో ఎక్కించుకోండి. సంక్రాంతికి, దసరాకు నగరం ఖాళీ అయినప్పుడు ఎవరుంటారో ముందే అడగండి. వాళ్లు ఎత్తకపోతే, రాత్రి కూడా రెటీనా డాక్టరు అందుబాటులో ఉండే పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్లాలి. కాలనీ కళ్లజోళ్ల షాపులోని పరీక్ష దీనికి సరిపోదు, పాపను విప్పి వెనక పొర చూసేవాళ్లు కావాలి.

ఫోన్ చేసినప్పుడు కన్ను గరగరలాడుతోందని మొదలుపెడితే అవతలివాళ్లు కన్నీటి చుక్కలు వేసుకోమని పెట్టేయవచ్చు. అందుకని ఏ కన్ను, ఏ తేదీన ఏ ఆపరేషన్, లోపల గ్యాసా నూనా బకులా, చూపు ఎప్పట్నుంచి ఎంత తగ్గింది, నీడ ఏ పక్క, వాంతులున్నాయా, ఏ చుక్కలు రోజుకెన్నిసార్లు పడుతున్నాయి, షుగరెంత అన్నది ముందు చెప్పండి. గరగర చివర చెప్పండి. రమ్మంటే ఇంకొక్క ప్రశ్న అడగాలి: ఏమైనా తిని బయల్దేరవచ్చా, లేక ఖాళీ కడుపుతో రావాలా అని. అదే రాత్రి మత్తు ఇవ్వాల్సి వస్తే మధ్యలో తాగిన గ్లాసు పాలు ఆపరేషన్‌ను ఆరు గంటలు వెనక్కి నెడతాయి.